మొవ్వు

ముషీరాబాదు కోల్డ్ స్టోరేజీలో
రాత్రి డ్యూటీ నాది.
చింతపండు బస్తాలకు నాలుగు డిగ్రీలు,
చేపల గదికి మైనస్ పద్దెనిమిది,
గంటకోసారి రిజిస్టరులో అంకె,
మధ్యలో టీ.

డిసెంబరు మొదటి వారం, పదకొండు దాటాక
ఆటోలోంచి నల్ల సంచుల్లో
పద్నాలుగు మొక్కలు దించాడు బుగ్గరాములు గౌడ్.
"జర జాగ ఇయ్యి బిడ్డా,
వీటికి సలి నేర్పియ్యాలె."

ఇక్కడికి అందరూ కుళ్లకుండా దాచమని తెస్తారు.
నేర్పమని తెచ్చింది
ఇతనొక్కడే.

ముప్పయ్యేళ్లు మోకు వేసి ఎక్కినవాడు.
హయత్‌నగర్ వెనకాల ఈతవనంలో
ప్లాట్ల రాళ్లు దిగాక
లొట్లు దించి నర్సరీలో కూలికి కుదిరాడు.
మోకు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.
దానితోనే ఎక్కి,
మిగిలిన ఒక్క ఆడ ఈత గెలకు
ఏ మంచుకొండల నుంచో కాగితం పొట్లంలో వచ్చిన పుప్పొడిని
పాత షేవింగ్ బ్రష్షుతో అద్దాడట,
భార్య చీర కొంగు చించి చుట్టాడట.
"అత్తగారోళ్లు ఎవలో నాకు దెల్వది.
పిల్లలు మాత్రం మావోళ్లే."

మొక్కలు పోవాల్సింది కులూ దాటాక ఒక ఊరి బడికి.
మంచులో ఈతనీడ ఎందుకో
ఆ హెడ్మాస్టరు చెప్పలేదు,
అడ్వాన్సు మాత్రం పంపాడు.

రిజిస్టరులో సరుకు పేరు రాయాలి.
ఈత అని రాశాను. కొట్టేశాను.
ఖర్జూరం అని రాశాను. అదీ కొట్టేశాను.
"సంకరం అంటరు, నర్సరీల."
ఆ మాట నేను విన్నదే.
అమ్మది ఉద్గీర్, నాన్నది చిలకలగూడ;
ఎనిమిదో తరగతిలో ఒక టీచరు
నా ఫారంలో కులం గడి దగ్గర పెన్ను ఆపి
అదే మాట నవ్వుతూ అంది.
మొక్కలు, పద్నాలుగు.
అంతే రాశాను.

చేపల గదికీ వరండాకీ నడుమ
రెండు తలుపుల ఇరుకు గది ఉంది.
లోపలి తలుపు ఎంత వారగా తీస్తే అంత చలి.
మొదటి రాత్రి ఐదు, తర్వాత రెండు,
తర్వాత సున్నా.
తెల్లారగానే మోసుకొచ్చి ఎండలో పెట్టేవాడు,
బడి వదిలినట్టు.
సున్నా కిందికి దిగిన రాత్రి ఇంటికి పోలేదు.
గోనెపట్టా కప్పుకుని
తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు.

చచ్చిన మొక్క వెంటనే చెప్పదు.
ఆకులు పది రోజులు పచ్చగా అబద్ధమాడతాయి.
నడుమ మొవ్వుని రెండు వేళ్లతో పట్టి
గుంజి చూడాలి.
ఊడి చేతికొస్తే అయిపోయినట్టే.
మొదలు ముక్కు దగ్గర పెట్టుకునేవాడు:
"పులిసిన వాసన గాదిది. కుళ్లు."
రోజుకొకటి. ఒకనాడు ఒకేసారి నాలుగు.
ఆ సంచుల మట్టి పారబొయ్యలేదు,
గోడవారన కుప్ప చేశాడు.

మైనస్ ఆరు తర్వాత
"ఇగ నువ్వు గుంజు" అన్నాడు.
పట్టుకున్నాను.
లోపల్నుంచి ఎవరో
అటువైపు పట్టుకున్నట్టుంది.

ఐదు మిగిలాయి.
మార్చిలో కాచిగూడ పార్సిల్ ఆఫీసు,
చెక్క డబ్బా, రెండు వైపులా బాణం గుర్తు.
ఏ వైపు పైకో హమాలీలు చూడరని
డబ్బా మీద తాటికాయంత అక్షరాలతో నేనే రాశాను.

మళ్లీ జనవరి.
ఫోను స్పీకరులో పెట్టి నా బల్ల మీద ఉంచాడు.
అవతల మోకాలిలోతు మంచట.
"మొవ్వు గుంజి సూడుండ్రి సారూ.
గట్టిగ గాదు, మెల్లగ."
ఆయనకు తెలుగు రాదు, నేను హిందీలో చెప్పాను.
మొవ్వుకు మాట దొరక్క
దిల్ కే పాస్ వాలా పత్తా అన్నాను.
అవతల చిన్న నవ్వు, ఆపైన అడుగులు,
ఉప్పు బస్తాల మీద నడుస్తున్నట్టు.
మా కంప్రెసరు ఆగి మళ్లీ అందుకుంది.
గౌడ్ రెండు వేళ్లు
బల్లకు జానెడు పైన
దేన్నో పట్టుకుని ఉన్నాయి.