నిప్పు దాచుకునే చోటు

తలకు గుండ్రటద్దం కట్టుకుని కూర్చుంటే
పెదవాల్తేరులో పొద్దున్నే మొదలవుతుంది అక్షరాభ్యాసం.
"ఆ అనండి."
ఒక్క అక్షరమే. ముప్పై ఏళ్లుగా అదే పాఠం.
ఏ ఇద్దరూ ఒకేలా పలకలేదు.

పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలమ్మే కోటిలింగం
ఆ అంటే గొంతులోంచి ఇసుక రాలుతుంది.
స్వరతంత్రుల మీద ఎదురెదురుగా రెండు కాయలు,
కావడి మోసే భుజాన కాసినట్టే.
మందు లేదా అన్నాడు. ఉంది,
మూడు వారాలు మాట్లాడకు.
"మరి ఉల్లిపాయల్ని ఎవరు కేకేస్తారు సార్?"
దానికి నా చీటీలో చోటు లేదు.

గాజువాకలో ఆటో నడిపే జోగారావు
ఆ అనలేడు. రెండు వేళ్లు పట్టేంతే తెరుచుకుంటుంది నోరు.
గుట్కా బుగ్గల లోపల కూర్చుని తాళ్లు పేనింది.
నాన్న నవ్వు సగంలో ఆగిపోతోందని
కూతురు చెప్పింది. అతను చెప్పలేదు.

ఒక పిల్లాడికి ఒక ముక్కే కారుతోంది, వాసనతో.
అడక్కముందే తెలిసింది, ఏదో దాచాడు.
చింతగింజ. వారం నానింది,
మొలకెత్తే ఆలోచనలో ఉంది.
కొక్కెం వెనక్కి పోనిచ్చి లాగాను.
నా గింజ నాకిచ్చెయ్యమని ఒకటే ఏడుపు.

ఆషాఢం వస్తే చెవులకు బూజు.
లోపలికి చూస్తే తడిసిన వార్తాపత్రిక,
అక్కడక్కడ నల్లటి అక్షరాలు.
వెల్లుల్లి కాచిన నూనె పోశారా అంటే
ఇంటిల్లిపాదీ గోడకేసి చూస్తారు.
తుడిచి, ఆరబెట్టి, చుక్కలు రాసి
అగ్గిపుల్లతో గెలకొద్దని చెబుతాను.

అగ్గిపుల్ల అంటే గుర్తొచ్చింది.

తెడ్డు ఎర్రమ్మ. జాలారిపేట.
కాగితం మీద వయసు అరవై.
"ఏటో బావూ, పెద్ద తుపానుకి ముందు పుట్టినాను."
ఆ అంది. వెలుగు పెట్టాను.
నోటి పైకప్పంతా సున్నం కొట్టిన గోడ,
గోడ నిండా ఎర్ర చుక్కలు,
ఒక మూల చుక్కలు కలిసిపోయి చిన్న పుండు.
అడ్డపొగ.
వెలిగే కొస లోపలికి, చల్లటి కొస బయటికి,
నలభై ఏళ్లు.

"ఎందుకమ్మా అలా?" కొంచెం కోపంగానే అడిగాను.
"గాలి గదా బావూ.
ఒడ్డు మీద ఏ నిప్పు నిలుత్తాది?
ఎక్కడ దాసుకోవాల మరి?"

చిన్న ముక్క తీసి, సీసాలో వేసి
కేజీహెచ్‌కు పంపాను. పది రోజులు.
పుస్తకంలో ఈ జబ్బుకు పేరుంది, శాతాలున్నాయి,
వెతికితే రంగు బొమ్మ కూడా ఉంది.
గాలి అనే మాట మాత్రం ఎక్కడా లేదు.

రిపోర్టు వచ్చిన రోజు ఒక్కతే వచ్చింది.
పాత కాగితంలో చుట్టి నాకు ఎండు నెత్తళ్లు తెచ్చింది.
చదివాను. మళ్లీ చదివాను.
ఇంకా కేన్సరు కాదు. కాకపోతే
గుమ్మం దాకా వచ్చి చెప్పులు విప్పుతోంది.
ఆ మూల కోసెయ్యాలని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి,
భయం ఎంత పెట్టాలి, ఎంత దాచాలి.
నోరు తెరిచాను. మూశాను.

ఎర్రమ్మ స్టూలు ముందుకు జరుపుకుంది.
నా నుదుటి అద్దంలోకి చూసి అంది,
"ఏటి బావూ? ఆ అను."

అన్నాను. ఉన్నదున్నట్టు.
ఆమె విని, కొంగు ముడి విప్పింది.
సగం కాలిన చుట్ట ఒకటి, కొత్తవి మూడు, అగ్గిపెట్టె.
చుట్టలు నా బల్ల మీద పెట్టి
అగ్గిపెట్టె మళ్లీ ముడేసుకుంది.
"ఇది నాకు గావాల. పొయ్యెవులు ముట్టిత్తారు?"

కిటికీలోంచి సముద్రం గాలి ఒక్క ఊపున వచ్చి
చీటీలన్నీ లేపింది, ఆమె ఆపరేషన్ తేదీతో సహా.
చేతికందినవి నాలుగు చుట్టలే.
వాటినే బరువు పెట్టాను.