ఏడో నంబరు గది

గుంతకల్లు ఆస్పత్రిలో ఏడో నంబరు గది.
తలుపు మీద బోర్డు లేదు, కావాలనే తీసేశాం.
లోపల ఒక పాత కంప్యూటరు,
అందులో ఒక ఫైలు.
దాని తాళంమాట మేడంకూ నాకూ తప్ప
గోడకు కూడా తెలీదు.

సోమవారం పొద్దున
బళ్లారి ప్యాసింజరు కూత ఇంకా చెవుల్లో ఉండగానే
తెర మీద ఎర్ర డబ్బా లేచింది:
“ముప్పు కనబడింది.
ఈ ఫైలును వేరుగా ఉంచమంటారా?”

మూడొందల పన్నెండు మంది ఉన్నారు దాంట్లో.
వేరుగా ఉంచడమంటే ఏందో
కంప్యూటరుకంటే వాళ్లకే బాగా తెలుసు.
వేరే లోటా, వేరే చాప,
ఆరేసిన చీరకు కూడా వేరే తీగ.

పీరావలి వచ్చినాడు, చెవి మీద టెస్టరు పెట్టుకొని.
“భయం లేదక్కా.
తాళం వేసినాక లోపలి రాత పిండైపోతాది,
యా గింజ యాడిదో పోల్చలేం.
ఆ పిండిలో ఖర్మకొద్దీ నాలుగు రవ్వలు
దొంగ మొగం మాదిరి కుదిరినాయి.
దీనికి చదవను రాదు,
పోలికలు పట్టేది ఒక్కటే వచ్చు.”

పోలికలు పట్టేవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు.
లారీ క్లీనరు రెండు నెలలు దగ్గితే చాలు,
టీకొట్టులో గ్లాసులు సర్దుకుంటాయి.

చివరి బెంచీ ఆమె గుర్తొచ్చింది.
పోయిన నెల అడిగింది,
“నా పేరు యాడుందో ఒకసారి చూపీమ్మా.”
తాళం తీయకుండానే తెరిచి చూపించాను:
సున్నాలు, కొక్కేలు, విరిగిన గీతలు,
చెదలు తిన్న దస్తావేజు.
చాలాసేపు చూసింది.
“ఇది నేనా?”
“నువ్వే.”
“మా అత్త తలకిందులుగా నిలబడినా దొరకను పో”
అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.
ఆమె పేరు ఇక్కడ కూడా రాయను.

“దీన్ని నమ్మమని చెప్పాలక్కా, ఇక్కడ టిక్కు కొట్టు.”
కొట్టాను.
ఎర్ర డబ్బా నోరు మూసుకుంది.
ఇంత సులువా అని కాసేపు వేలు ఎత్తకుండా కూర్చున్నాను.

“కొత్త అప్‌డేటు వస్తే మళ్లా మరిచిపోతాది,
మళ్లా అరుస్తాది” అన్నాడు పీరావలి
బ్యాగు భుజానికేసుకుంటూ.
“అప్పుడు మళ్లా చెప్పాల.”

బయట బెంచీ నిండింది.
ఈ గదిలో పేర్లు పిలవం.
“నలభై రెండు” అన్నాను.
ముక్కుదాకా కప్పుకున్న కొంగొకటి
మెల్లగా లేచింది.