చీపురుపల్లిలో ట్రాక్ 01

ముప్ఫై ఒక్క వేల ఏడొందల పాటలు,
అందులో నాలుగు వేలకి ఒకటే పేరు: ట్రాక్ 01.
ఊరంతా అప్పలనాయుళ్ళే అయితే
పోస్టుమాన్ ఎవరి గుమ్మం ముందు గంట కొడతాడు?

మైక్‌సెట్ కొట్టు మా మావయ్యది.
పెళ్ళికి వెళ్ళినా పండక్కి వెళ్ళినా
గొట్టం పక్కన ఒక టేప్‌రికార్డర్ పెట్టి
వినిపించినంతా పట్టుకొచ్చేవాడు.
నా చేతికొచ్చేసరికి కొట్టులో మిగిలింది
అట్టపెట్టెల్లో క్యాసెట్లు, వాటికి పట్టిన బూజు.
అన్నీ కంప్యూటర్‌లోకి దించడానికి రెండు వానాకాలాలు పట్టింది.
పాటలు దిగాయి. పేర్లు దిగలేదు.
పేర్లు అట్టల మీద పెన్సిల్‌తో ఉండేవి,
అట్టల్ని హుద్‌హుద్ నమిలేసింది.

పేర్లు పెట్టే సాఫ్ట్‌వేర్ కోసం తిరిగాను.
తెలుగులో రాసిస్తే
నలుచదరపు డబ్బాలు పేర్చి ఇచ్చిందొకటి,
గరివిడి రోడ్డు పక్కన ఇటుకల బట్టీలాగ.
ఇంకొకటి పదిహేను రోజులు మరదల్లా నవ్వి
పదహారో రోజు డాలర్లడిగింది.

ఆ తర్వాతది మహా తెలివైంది.
పాట వింటుంది, వేలిముద్ర తీస్తుంది,
సముద్రాల అవతల ఏ ఖజానానో అడిగొచ్చి
పేరు, ఏడాది, అట్ట మీది బొమ్మతో సహా అతికిస్తుంది.
సినిమా పాటలన్నీ గంటలో
రేషన్ కొట్టు ముందు జనంలా బారులు తీరాయి.
దణ్ణం పెట్టబోయాను.
అప్పుడొచ్చాయి తప్పెటగుళ్ళు.
చక్రం తిరిగింది, తిరిగింది, తిరిగి
'ఫిన్లాండు, నాట్య సంగీతం, 1998' అని తేల్చింది.
రొమ్ము మీద రేకు గుల్ల కట్టుకుని
తెల్లార్లూ ఎగిరిన మజ్జి గవరయ్య జట్టు
పదహారుగురూ, గజ్జెలతో సహా,
ఒక్క క్లిక్కుకి మంచుదేశం పోయారు.
కొట్టు కుర్రాడు రమేషు పడీ పడీ నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.
గవరయ్య పేరు ఆ ఒక్కదానికే మిగిలుండేది,
అది చెరిపి మరీ రాసింది.
వెనక్కి తెచ్చే బొత్తం ఎక్కడా లేదు.

ఇప్పుడున్నదానికి ఏమీ తెలీదు.
గళ్ళ పుస్తకంలా తెల్లమొహం వేసుకుని కూర్చుంటుంది.
రకం అన్న గడి నొక్కితే
రాక్, జాజ్, పోల్కా అని ఏవో పరుస్తుంది గానీ
జముకు అని రాస్తే కాదనదు.
తప్పు రాస్తే వెనక్కి నడుస్తుంది,
ఎన్ని అడుగులంటే అన్ని.
కావలసిన గడి మనమే గీసుకోవచ్చు.
అయినా దీన్ని తీసెయ్యాలనే అనుకున్నాను,
ముప్ఫై ఒక్క వేలు చేత్తో రాసే ఓపిక ఎవడికుంది?

నాలుగ్గంటలకి టీ తెచ్చే కోరాడ దాలమ్మ
గ్లాసు బల్ల మీద పెట్టబోయి ఆగిపోయింది.
స్పీకర్లో ఏదో ట్రాక్ 01.
'ఓలమ్మా, ఇది మా గుర్లలో
అసిరితల్లి పండగ రేత్రిది కాదేటి!
ఆ వంత పాట మా పెద్దమ్మది.'
పాట మధ్యన ఇరవై సెకన్లు ఏమీ వినబడదు.
టేపు నలిగిందనుకుని
ఆ ముక్క కత్తిరించబోయాను పొద్దున్నే.
'అక్కడా? వాన కురిసి జముకు తోలు తడిసిపోనాది.
మంట కాడ కాసినారు. అందాకా జనం కూకునే ఉన్నారు.'
శబ్దం పెంచి విన్నాను.
నిజమే, చిటపటలు.

మీ పెద్దమ్మ పేరేమిటి?
గ్లాసు తుడుస్తూ చాలాసేపు ఆలోచించింది.
'పేరేటో... అందరూ గుర్లోలమ్మ అనీవోరు.'

గాయకురాలు: గుర్లోలమ్మ, దాలమ్మకి పెద్దమ్మ.
పక్కన కొత్త గడి గీసి
'మధ్యలో ఎందుకు ఆగింది' అని పేరు పెట్టాను.
సాఫ్ట్‌వేర్ ఎదురడగలేదు.
సేవ్ అయిందంది.

దీన్నే ఉంచుకున్నాను.
రమేషు వేళ్ళు మడిచి లెక్క కట్టాడు,
రోజుకి పది రాస్తే తొమ్మిదేళ్ళట.
దాలమ్మ రోజుకి రెండు టీలు ఎక్కువ పోస్తోంది,
డబ్బులు మాత్రం వదలడం లేదు.