మంగమారిపేట దగ్గర

బయల్దేరింది బారువ దాకా.
మల్కాపురంలో తెల్లారకట్ట నాలుగింటికి
కొబ్బరికాయ కొట్టి
చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి మరీ కదిలాం.

జీపు వెనక మా డబ్బా.
షిప్‌యార్డులో ఇరవై రెండేళ్లు
ఎవరివో ఓడలకి అతుకులేసిన మనిషి
మూడేళ్ల ఆదివారాలు కూర్చుని
తనకోసం వేసుకున్న అతుకులు.
రెండు కిటికీలు, మడత మంచం,
గ్యాసు పొయ్యికి చేరడంత చోటు.
తలుపు మీద నా పేరు రాయిస్తానన్నాడు.
వద్దన్నాను.
నంబరు ప్లేటు కింద చిన్నక్షరాల్లో
"సన్యాసిరావు అండ్ వైఫ్" అని రాయించాడు.
వారం రోజులు మాటల్లేవు.

కోస్టల్ బ్యాటరీ దాటాక
సముద్రం కుడివైపు వచ్చి కూర్చుంది.
అంటే అతని వైపు.
నేను చూడాలంటే అతన్ని దాటి చూడాలి:
ముందు ముక్కు,
తర్వాత చెవి మీద నెరిసిన ఒక్క వెంట్రుక,
ఆ తర్వాతే అలలు.

రుషికొండ దగ్గర దారి తప్పాం. వెనక్కి తీయాలి.
జీపుని కుడికి తిప్పితే డబ్బా ఎడమకి పోతుంది,
ఎడమకి తిప్పితే అలిగి అడ్డం తిరుగుతుంది.
నేను దిగి, వెనక నిలబడి
"ఎడమకి! నీ ఎడమ కాదు, నా ఎడమ!"
సెల్ఫీలు దిగుతున్న పిల్లలు
సముద్రాన్ని వదిలేసి మమ్మల్ని తీసుకున్నారు.
"పదిహేడేళ్లుగా ఇదే కదా, నీ ఎడమ వేరు" అని అతను.
"వెనక్కెళ్లడం రాని మనిషికి డబ్బా ఎందుకు" అని నేను.

తొట్లకొండ మాటల్లేకుండా దాటింది.

మంగమారిపేటలో నీడ కోసం
ఇసకలోకి దిగామా,
దిగిపోయాం. ఇరుసు దాకా.

వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు లేచొచ్చారు.
పడవని లాగే మోకు తెచ్చి
పడవకి కట్టినట్టే కట్టారు.
"ఏటి బావూ, దీనికి తెడ్లు నేవా?"
పదకొండుమంది, ఒక్క ఊపిరి.
డబ్బా గట్టెక్కింది
నోటినిండా ఇసకతో.

డబ్బులివ్వబోతే
అందరూ గరికిన పోలమ్మ వంక చూశారు.
"డబ్బులెందుకమ్మా,
నోపలేటుందో ఓపాలి సూడనియ్యండి."

ఎక్కింది. కుళాయి తిప్పింది. మళ్లీ తిప్పింది.
కిటికీ తెరిచి తన పేటని
ఎవరిదో ఊరిలా చూసింది.
"ఇల్లుంది గదా మీకు.
మరింకో ఇల్లు నాక్కుని తిరగడవేటి?"
మా దగ్గర జవాబు లేదు.
ఆమెకీ అక్కర్లేకపోయింది.
బ్యాటరీ ఫ్యాను కింద కాస్త నడుం వాల్చి
నిద్రపోయింది.

లేపుదామా అన్నాడు.
అరవై ఏళ్లు చేపల గంప మోసిన మెడ
నా దిండు మీద అలా ఒరిగి ఉంటే
వద్దన్నాను.

గంట. రెండు గంటలు.
మా ఇంటి బయట మేము
చక్రానికి వీపానించి,
వేళకాని వేళ వచ్చిన చుట్టాల్లా.
చాలా రోజులకి గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం,
లోపల మనిషి లేస్తుందని.

తను అతికిన ఓడల్లో
ఒక్కదానిలోనూ నీళ్ల మీదికి వెళ్లలేదట.
ఓడ జారే రోజు
గేటు దగ్గర మిఠాయి పొట్లం ఇచ్చి పంపేసేవారట.
ఈ మాట పదిహేడేళ్లుగా నాకు తెలీదు.
నేనూ ఒకటి చెప్పాను.
అది ఇక్కడ రాయను.

దీపాలవేళ పోలమ్మ లేచి
జుట్టు ముడేసుకుని
"గాలి బానే ఒస్తంది" అని
తన ఇంటికి తాను వెళ్లిపోయింది.

రాత్రి దిండుకి ఎండుచేపల వాసన.
తిరగేయబోయి ఊరుకున్నాను.
బారువ ఇంకా ఎంతో దూరం.
పొద్దున్నే మళ్లీ రివర్సు తీయాలి.
చీకట్లో అడిగాడు:
"నా ఎడమా, నీ ఎడమా?"

సముద్రం వైపు, అన్నాను.