ఒక బల్బు తక్కువ

జనవరిలో కిర్కాల్డీకి
నాలుగు కొట్టకముందే పొద్దు కుంకుతుంది.
చిత్రశాల రెండో గదిలో నేను నిచ్చెన మీదున్నాను,
పాత హాలోజన్లు పీకి
కొత్త ఎల్‌ఈడీలు బిగిస్తూ.
ఉన్న రంగు ఉన్నట్టు కనపడాలని కాగితంలో రాసుంది.
కూలి గంటకింత. బొమ్మలు చూడ్డానికి కాదు.

చివరి గోడ మీద ఒక ఫ్రెంచి పల్లె.
నూటయాభై ఏళ్ల కిందటి బురద, నాలుగు ఆవులు,
ఒక నీటిగుంట, పైన
కుండ అంచుకంటిన వెన్నలాంటి ఆకాశం.
గీసినవాడి సంతకం
మూలన చెట్టుచీకట్లో కలిసిపోయింది.

ఈ ఊళ్లో ఒకప్పుడు లినోలియం చేసేవాళ్లు.
రైలు దిగకముందే అవిసె నూనె ముక్కుకి తగిలేదట.
కాపలా కుర్చీలోంచి ఇషబెల్ గెడ్డెస్ చెప్పింది:
"మా నాన్న చొక్కాదీ ఈ బొమ్మదీ ఒకే నూనె.
ఆయన నేలకి పూశాడు, ఇతను పొద్దుకి."

పంతొమ్మిదేళ్లుగా ఆమెకి అది సాయంత్రం.
ఆవులు ఇంటికొస్తుంటాయి,
ఆమె డ్యూటీ దిగుతుంటుంది.

కొత్త బల్బు తిప్పాను.

పసుపు జారిపోయింది.
గుంటలో ఎక్కణ్ణుంచో నీలం లేచి కూర్చుంది.
గడ్డి మీద ఇన్నాళ్లూ దుమ్మనుకున్నది మంచు.
ఆవులు ఇంటికి రావడం మానేసి
బయల్దేరుతున్నాయి.

"ఏం చేశావు?" అంది,
తన గడియారం ముల్లు ఎవరో తిప్పినట్టు.

మా అమ్మమ్మ గేదెల్ని సాకిన మనిషి.
ఆ కాస్త చదువుతో దిగి దగ్గరికెళ్లాను.
పొదుగు బరువుగా వేలాడితే ఇంటిదారి,
పిండేసి వదులైతే మేతదారి.
తేలిపోవాలి.
పొదుగు ఉండాల్సిన చోట
మట్టిరంగులో ఒక్క కుంచె విసురు.
అతనికి తెలిసే ఉంటుంది. చెప్పలేదు.

"తెల్లారుతోందా, చీకటి పడుతోందా?
మీ భాషలో దీన్నేమంటారు?"
"సంధ్య," అన్నాను.
"అంటే ఏది?"
నోరు తెరిచి, మళ్లీ మూశాను.

కిటికీ అవతల ఫోర్త్ నీళ్లు నల్లబడ్డాయి.
ఆమె కోటు తొడుక్కుంది, బొత్తాలు పెట్టుకోలేదు,
బొమ్మ ముందు నిలబడింది
పోగొట్టుకున్న చేతిగుడ్డని
వేరేవాళ్లింట్లో వెతుకుతున్నట్టు.

జేబులో పాత బల్బు ఇంకా వెచ్చగానే ఉంది.
నిచ్చెనెక్కాను.

బిల్లులో ఒక బల్బు తక్కువ రాశాను.