పాత జబ్బు

మెట్లు పందొమ్మిది.
రోజుకు ఇరవై రెండు తాళ్లెక్కి దిగిన మనిషి
గడియారం సెంటర్ల ఆటోలనే కూసున్నడు.
పైకి నేనొక్కదాన్నే పోయిన
ఫైలు చంకల వెట్టుకొని.

వకీలు హైమావతమ్మ ఒక్కో కాయితం తిరగేసింది.
బొమ్మగోని బుచ్చయ్య, వయసు నలభై ఆరు.
సదరం సర్టిఫికెటు, ఎనభై రెండు శాతం.
మిగిలిన పద్దెనిమిది ఒంట్ల ఏ కాడున్నదో
ఏ డాక్టరూ రాయలే.
తెగిన మోకు ఫోటో.
అడుగున కంపెనీ ఉత్తరం, ఇంగ్లీషుల.
మల్లోసారి తెలుగు చేసి చెప్పింది:
వెన్నుపూస పడ్డందుకు ఇరగలేదట,
ఫ్లోరైడుతోని ముందుగాలనే చెడిందట,
పాత జబ్బుకు పైసలియ్యరట.

పాత జబ్బు.
మర్రిగూడ దిక్కు బోరింగు నీళ్లు
తల్లిపాలు మరిచిన కాన్నుంచి తాగినోళ్లం.
పండ్లు గారవట్టినయి, మెడ బిగుసుకపోయింది,
నిజమే, కాదన.
గని ఆ వెన్నే కదమ్మా
కోడి కూయకముందు ముస్తాదు కట్టుకొని
నిలువు తాడి మీద లొట్టి మార్చొచ్చింది?
కమ్మల నడుమ గాలికి ఆగింది?
ఆ సోమారం మోకు తెంపింది నీళ్లా?

కమిషన్ల ఒకసారి ఓడినం.
ఇగ అప్పీలు.
"కొత్తగ చెప్పేదేమన్న ఉన్నదా?" అన్నది హైమావతమ్మ
పెన్ను మూత తీసి.

ఉన్నది.
పాలసీ రాయించ వచ్చిన సారు
మిట్టమధ్యాన్నం మా అరుగు మీద కూసున్నడు.
చెంబుల నీళ్లిస్తే ముట్టలే.
సంచిలకెల్లి బాటిలు తీసిండు,
మూత పటుక్కుమన్నది,
గటగట తాగి మూతి తుడుసుకొని
ఈన ఏలిముద్ర వట్టుకున్నడు.
మా నీళ్ల సంగతి ఆయనకెరుకే.
ఎరికుండే ఏటేటా పదమూడు వందలు వట్టిన్రు.

పెన్ను ఆగింది.
"సాక్ష్యం?"
ఆ చెంబు ఇంట్లనే ఉన్నదమ్మా,
అడుగున తెల్లగ పొక్కు గట్టి.
ఆమె నవ్వలే. రాసుకున్నది.
రాసినంక ఆ గీతను కొట్టేసిందో, కింద గీత గీసిందో
నాకు తలకిందులుగ కనవడ్డది, తెల్వలే.

దిగి వచ్చేసరికి ఆటో ఎండల కాగుతున్నది.
ఆయన మెడ తిప్పలేడు కదా,
అద్దంల నన్ను చూసి అడిగిండు
ఏమన్నరని.

కాయితం హైదరాబాదు పోతదట, అన్న.

కొంచెం సేపు పలకలే.
"ఆడ మెట్లెన్నట?"