మీసాల జెల్ల

రామాయపట్నం ఒడ్డున వలలో పడ్డ జెల్ల
వెంటనే నోరు తెరవదు.
మిగతా చేపలన్నీ గాలికోసం నోళ్లు బార్లా తెరుస్తాయి.
ఇది మాత్రం దవడలు బిగించి,
మీసాలు ఇసకలో ఈడుస్తూ, అలా పడుంటుంది.
"కడుపుతో ఉందేమో నాన్నా" అన్నాను.
కామయ్య వల దులుపుతున్న మా నాన్న దండాసి
చెయ్యి ఆపకుండా
"అది ఆడది కాదురా. అయ్య" అన్నాడు.
పొద్దుట్నుంచి ఆయన నోటెంట వచ్చిన మొదటి మాట.

దవడలో బొటనవేలు దూర్చి నొక్కితే
జలజలా రాలాయి
గోలీకాయలంత గుడ్లు, పసుపుపచ్చగా, జిగటగా.
ఒక్కోదాన్లో రెండేసి నల్లచుక్కలు.
అవి కళ్లని తెలిసేసరికి
నా అరచెయ్యి నన్నే చూస్తోంది.
ఇరవై ఎనిమిది. రెండుసార్లు లెక్కపెట్టాను.

ఆడజెల్ల గుడ్లు పెట్టి వెళ్లిపోతుందట.
తప్పేం కాదు, అంతంత గుడ్లు పెట్టాక
ఒళ్లు సగమైపోతుంది, దానికీ ఆకలుంటుంది.
మగది వాటిని నోట పట్టి
రెండు నెలలు ఉప్పునీళ్లు లోపలికీ బయటికీ పంపుకుంటూ
పస్తులు తిరుగుతుంది.
రొయ్యపిల్ల దాని మీసాల మీంచి నడిచిపోయినా
నోరు తెరవదు.

ఆ ఏడు అమ్మ వెరావల్ వెళ్లింది,
రొయ్యలు ఒలిచే కంపెనీకి, పేటలో ఇంకో పన్నెండుమంది ఆడవాళ్లతో.
మంచుగడ్డల్లో వేళ్లు తిమ్మిరెక్కి
ఫోన్ పట్టుకోలేకపోతోందని
బుగతమ్మ చేత చెప్పించేది.
నాన్న తెప్పని కామయ్యకి అద్దెకిచ్చి
మా ఇద్దరితో ఇంట్లో ఉండిపోయాడు.
చెల్లికి జడ వేశాడు, వల అల్లే ముడితో.
దాన్ని విప్పడానికి పంతులమ్మ కత్తెర తెప్పించాల్సొచ్చింది.
సారాకొట్టు దగ్గర
"ఒరే, మీసాలున్న అమ్మొచ్చిందిరా" అని నవ్వేవాళ్లు.
ఆయన పలికేవాడు కాదు.
నోట్లో ఏదో ఉన్నట్టు దాటిపోయేవాడు.

మా పేటలో తెలుగూ అంతే.
బడిలో గుండ్రటి ఒరియా అక్షరాలు,
బరంపురం బస్సు మీద అవే, రేషను కార్డు మీద అవే.
ఇంట్లో మాటని దించడానికి ఏ పలకా లేదు,
అది నోట్లోనే పెరగాలి.
నాకు మొదటి "అ"
ఇచ్ఛాపురంలో ఒక సినిమాహాలు గోడ మీద దొరికింది,
పద్నాలుగో ఏట, పోస్టరు సగం చిరిగిపోయి ఉండగా.

అయితే ఒకటి చెప్పాలి.
జెల్ల కడుపు కోస్తే పేగు ఖాళీగా ఉంటుంది, తడిసిన దారంలా.
కానీ ఎప్పుడో ఒకసారి
అందులో ఒక గుడ్డు కనపడుతుంది.
ఆకలికి మింగిందో, అల కొట్టినప్పుడు జారిందో,
ఎవరడుగుతారు దాన్ని?
అమ్మ పంపిన డబ్బుల్తో నాన్న ఒక రాత్రి తాగొచ్చాడు.
చెల్లి జొరం మందుకని ఉంచిన డబ్బులు.
గుమ్మంలో కూలబడి తెల్లారేదాకా
నోరు మూసుకునే ఏడ్చాడు.
నేను నిద్ర నటించాను.
ఆ గుడ్డుని ఏ లెక్కలో వెయ్యాలో
ఇప్పటికీ నాకు తెలీదు.

ఆ పొద్దున నేను నాలుగు ఏరి
మోకాలిలోతు నీళ్లలో వదిలాను.
"నోరు లేకపోతే బతకవురా అయి" అన్నాడు.
అన్నాడే గాని,
కామయ్య అటు తిరిగినప్పుడు
తనూ రెండు వదిలాడు.

మిగిలినవి రాత్రి చింతపండు పులుసులో ఉడికాయి.
ఉప్పు తక్కువైందని చెల్లి అలిగింది.
నాకు పదకొండు, దానికి పదకొండు.
లెక్క సరిగ్గా సరిపోయిందని
ఇద్దరం సంబరపడ్డాం.